షెల్బీ ఫుట్ ‘షైలో’: రెండు సేనలు, ఒక లోటు

అమెరికా అంతర్యుద్ధం మీద నవల అనగానే మనలో చాలామందికి ‘గాన్ విత్ ద విండ్’ గుర్తొస్తుంది, అదీ సినిమాగా. మా అమ్మాయి హైస్కూలు చరిత్ర క్లాసు పుణ్యమా అని నేను షెల్బీ ఫుట్ 1952లో రాసిన ‘షైలో’ చదివాను. చిన్న పుస్తకం, రెండు సాయంత్రాల్లో అయిపోయింది. చాలా నచ్చింది. ఆ తరవాత ఒక అనుమానం పట్టుకుంది.

ముందు యుద్ధం సంగతి. 1862 ఏప్రిల్ 6, 7 తేదీల్లో టెనెసీ నది పడమటి ఒడ్డున, పిట్స్‌బర్గ్ లాండింగ్ అనే పడవల రేవు దగ్గర జరిగింది. గ్రాంట్ నాయకత్వంలో 40 వేల పైచిలుకు ఉత్తరాది సైన్యం అక్కడ గుడారాలు వేసుకుని ఉంది. ఎక్కువమంది ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్, అయోవాల పల్లెటూరి కుర్రాళ్ళు. వెనక నది, అటూ ఇటూ వాగులు. దక్షిణాది సేనాని ఆల్బర్ట్ సిడ్నీ జాన్‌స్టన్ మిసిసిపీలోని కోరింత్ నుంచి దాదాపు 44 వేలమందిని నడిపించుకొచ్చి, ఆదివారం తెల్లవారుతుండగా వాళ్ళ మీద పడ్డాడు. ఆ మధ్యాహ్నమే కాలికి గుండు తగిలి, రక్తం కారిపోయి చనిపోయాడు. రాత్రికి బ్యూయెల్ సైన్యం నది దాటి గ్రాంట్‌కు తోడు రావడంతో మర్నాడు దక్షిణాదివాళ్ళు వెనక్కి తగ్గారు. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, పట్టుబడ్డవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు రెండు వైపులా కలిపి 23,746 మంది. షైలో అన్నది అక్కడున్న చిన్న దుంగల చర్చి పేరు. శాంతినిలయం అని అర్థం చెబుతారు!

నవలలో ఏడు అధ్యాయాలు. ప్రతిదీ ఒక సైనికుడు తన నోటితో చెప్పుకున్నదే. ఒక అధ్యాయంలో మాత్రం ఇండియానా దళంలోని పన్నెండుమంది వంతులవారీగా చెబుతారు. ఒహాయో కెప్టెన్ ఫౌంటెన్ భార్యకు ఉత్తరం రాస్తూ ఉంటాడు, దాడి మొదలై ఉత్తరం మధ్యలో ఆగిపోతుంది. మిన్నెసోటా ఫిరంగిదళంలోని ఫ్లిక్నర్ భయపడి రేవు దాకా పారిపోయి, మళ్ళీ తన ఫిరంగిని వెతుక్కుంటూ వస్తాడు. మిసిసిపీ కుర్రాడు లూథర్ డేడ్ ఉన్న రెజిమెంటు చరిత్రలో నిజంగా ఉన్నదే. ఆ రెజిమెంటు 425 మందిలో 300 మందిని పోగొట్టుకుంది. యుద్ధం మొత్తం ఎవరికీ కనిపించదు. ఎవరికి కనిపించిన చెట్లూ పొగా వాళ్ళవి. చరిత్ర పుస్తకాల్లో బాణాలు గీసిన మ్యాపులు చూసి నాకెప్పుడూ ఇంత బాగా అర్థం కాలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది పాలీ అధ్యాయం. రాత్రి శత్రువుల కోట్లు తొడుక్కుని నది ఒడ్డుకు పాకి, బ్యూయెల్ సేన పడవల్లోంచి దిగడం కళ్ళారా చూస్తారు. ఆ కబురు వినే పెద్దలు దొరకరు. రెండు సేనల బలం తారుమారవుతున్న సంగతి ఆ చీకట్లో ఆ కొద్దిమందికే తెలుసు.

పుస్తకం నా తరవాత మా అమ్మాయి చదివి ఒకటే అడిగింది: “దక్షిణాదివాళ్ళకి వంట ఎవరు చేశారు నాన్నా?”

వంటవాళ్ళుగా, బండ్లు తోలేవాళ్ళుగా ఆ సైన్యం బానిసలను వెంట తెచ్చుకుంది. పోరు మూలం వాళ్ళే. ఏడు అధ్యాయాల్లో కథ చెప్పే వంతు ఒక్కరికీ రాలేదు. రచయిత తరఫున ఒక మాట అనొచ్చు. కథ చెప్పేది సైనికులే అన్నది ఆయన నియమం, 1862 ఏప్రిల్‌కి ఉత్తరాది సైన్యంలో నల్లవాళ్ళ రెజిమెంట్లు ఇంకా లేవు. నిజమే, కానీ ఆ నియమం పెట్టుకున్నది ఆయనే కదా! మిసిసిపీలో పుట్టిన ఫుట్ మొదటి మాటా చివరి మాటా కూడా దక్షిణాది లెఫ్టినెంట్ మెట్కాఫ్‌కే ఇచ్చాడు. పాలీ నాయకుడు ఫారెస్ట్ సాహసం కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. యుద్ధానికి ముందు ఆయన మెంఫిస్‌లో బానిసల వ్యాపారి.

నాగులేటి పక్కన కారంపూడిలో జరిగిన మన పలనాటి అన్నదమ్ముల పోరు గుర్తొచ్చింది. ఆ కథలో మాల కులంలో పుట్టిన కన్నమదాసు బ్రహ్మనాయుడి సేనాధిపతి. ఆయన్ని తీసేస్తే కథ నిలవదు. అయితే మనవాళ్ళు నాగమ్మ వైపు నుంచి ఎంత చెప్పారు? శత్రువుకి సమానంగా నోరివ్వడంలో ఫుట్ మనకన్నా చాలా ముందున్నాడు. అందుకే ఈ లోటు ఎక్కువ బాధపెట్టింది.

‘షైలో’ చదవండి, పిల్లల చేత చదివించండి. యుద్ధభూమి చూడ్డానికి వెళితే రేవూ చర్చీ చూసి తిరిగి రాకుండా, ఇరవై మైళ్ళు పైబడిన కోరింత్ దాకా కూడా వెళ్ళండి. జాన్‌స్టన్ సేన బయల్దేరిన ఆ ఊరు, 1862 మేలో ఉత్తరాది చేతికొచ్చాక, పారిపోయి వచ్చిన వేలమంది బానిసలకు ఆశ్రయమైంది. వాళ్ళు అక్కడ పొలాలు దున్నారు, బడి పెట్టుకున్నారు, 1863లో సైన్యంలో చేరారు. ఆ చోటు ఇప్పుడు షైలో పార్కులో భాగమే. కంచు విగ్రహాలున్నాయి.