చావు కబురు తెచ్చిన మలుపు: గోల్డ్‌స్మిత్, కందుకూరి

‘రాజశేఖర చరిత్రము’ అనువాదమా, స్వతంత్ర రచనా? ఎల్బీ నగర్‌లో మా ఇంటికి సందేహాలతో వచ్చే విద్యార్థులు మొదట అడిగేది ఇదే. కందుకూరి వీరేశలింగం కాలంలోనే మొదలైన వివాదమిది. మీరు దాన్ని కాసేపు పక్కన పెట్టి, రెండు నవలల్లోనూ ఉన్న ఒక మలుపును గమనించండి.

ముందుగా మూల రచయిత గురించి. ఆలివర్ గోల్డ్‌స్మిత్ ఐర్లండువాడు. డబ్లిన్‌లో చదివి, ఎడిన్‌బరోలో వైద్యం మొదలుపెట్టి, యూరప్ అంతా తిరిగి, చివరికి లండన్‌లో కలం కూలీగా బతికాడు. అద్దె బాకీకి ఇంటి యజమానురాలు అతన్ని పట్టిస్తే, శామ్యూల్ జాన్సన్ ఒక రాతప్రతిని 60 పౌన్లకు అమ్మిపెట్టాడు. అదే 1766లో వెలువడిన ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’.

అందులో ప్రింరోజ్ అనే మతాచార్యుడు తన కథ తానే చెప్పుకుంటాడు. భార్య పోయిన మతాచార్యుడు మళ్ళీ పెళ్ళాడరాదని అతని పట్టుదల. ఆ మొండితనాన్ని చూసి గోల్డ్‌స్మిత్ మెల్లగా నవ్వుతాడు. కందుకూరి కథను తన గొంతుతోనే చెప్పాడు. అందుచేత ఆ నవ్వు చాలావరకు పోయి, బోధ మిగిలింది. బంగారం చేసిస్తానన్న యోగి చేతిలో రాజశేఖరుడు మోసపోయే ఘట్టంలో మాత్రం హాస్యం, బోధ రెండూ బాగా కుదిరాయి.

ఇక ఆ మలుపు. జైల్లో ఉన్న ప్రింరోజ్‌కు కూతురు ఒలీవియా చనిపోయిందని కబురు వస్తుంది. అది అబద్ధమని తేలి కుటుంబం ఒక్కటవుతుంది. కందుకూరి నవలలో చనిపోయాడని కబురు వచ్చేది కూతురికి కాదు, అల్లుడికి. రుక్మిణి వితంతువవుతుంది. తెలుగు ఇంట్లో ఆ కబురు బరువే వేరు. ఇది అనుకరణ కాదు, మన సమాజం తెలిసినవాడు చేసిన మార్పు. అయితే చివరికి భర్త బతికే తిరిగి వస్తాడు. వితంతువు ఏం కావాలన్న ప్రశ్నకు జవాబు చెప్పే అవసరం రచయితకు తప్పిపోయింది. నా దృష్టిలో ఈ నవలకున్న పెద్ద లోపం ఇదే.

కాలక్రమం చూడండి. నవల ‘వివేకవర్ధని’లో రావడం 1878లో, పుస్తకమైంది 1880లో. రాజమండ్రిలో కందుకూరి తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. నవలలో వెనుకాడిన చోట ఆయన జీవితంలో ఆగలేదు. రుక్మిణికి ఆ కబురు అందిన ఘట్టాన్ని ఈ తేదీలు గుర్తుంచుకుని మళ్ళీ చదవండి.