కింద బండ, పైన బొమ్మ

కడప జిల్లా చిలమకూరు చుట్టుపక్కల ఎక్కడ గడ్డపార వేసినా ముందు తగిలేది రాయే. యర్రగుంట్ల, నిడుజివ్వి, జమ్మలమడుగు వైపంతా నేల కింద నాపరాయి పొరలు పొరలుగా పరుచుకుని ఉంది. ఒకపక్క దాన్ని పిండి చేసి సిమెంటు తీస్తున్నారు. ఇంకోపక్క పలకలుగా లేపి, పాలిష్ పట్టి, కడప బండ పేరుతో దేశమంతా పంపుతున్నారు. ఇక్కడి వాళ్లకు రాతితో సావాసం కొత్తది కాదు. తెలుగు మాటల్లో చెక్కిన తొలి శాసనాల్లో ఒకటైన కలమళ్ల శాసనం ఈ యర్రగుంట్ల మండలానిదే. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుల ఏలుబడిలో వేయించింది. ఈ సీమలో పుట్టిన మనిషి ఏ పాత కట్టడంలో అడుగుపెట్టినా మొదట కాలికింద ఏముందో చూస్తాడు, ఆ తర్వాత తలెత్తి కప్పు చూస్తాడు. గోడల సంగతి ఆ తర్వాతే.

అలా చూడటంలో ఒక లాభం ఉంది. కట్టినవాడి పనితనం ఎక్కువగా బయటపడేది ఆ రెండు చోట్లే. గోడ వంకర పోతే పూతతో కప్పెయ్యొచ్చు. నేల వాటం తప్పితే మొదటి వానకే నీళ్లు నిలిచి చెప్పేస్తాయి. కప్పు లెక్క తప్పితే ఇక చెప్పేదేముంది, నెత్తిన పడుతుంది.

ముందు నేల సంగతి. నాపరాయి కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. పొర మీద పొర పడి గట్టిపడింది కనుక పొర వెంటే విడిపోతుంది. గనిలో చేత్తో పనిచేసేవాడు రాయిని కోయడు, పొర ఎక్కడుందో పట్టుకుని అక్కడ ఉలి దించుతాడు. సరైన చోట దెబ్బ పడితే మంచమంత పలక చదునుగా లేచి వస్తుంది. లేచిన బండను సుత్తితో తట్టి వింటాడు. కంగుమని మోగితే మంచి బండ. మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టే, పక్కన పడేస్తాడు. ఇక పరిచేవాడి పని. దారం కట్టి, కింద పరుపు సర్ది, బండ కూర్చోబెట్టి, నాలుగు మూలలా తట్టి, నీళ్లు తూము వైపు పోయేలా కంటికి కనిపించనంత వాటం ఇస్తాడు. పాత ఇళ్లలో ఒక్కో బండ ఒక్కో కొలత. అయినా సందులు ఎక్కడా ఎబ్బెట్టుగా ఉండవు. చేతికొచ్చిన కొలతలను చేతిలెక్కతో కలిపి కుదిర్చారు. ఈ రాతికి పులుపు పడదు. చింతపండు రసం, నిమ్మరసం ఒలికి కాసేపుంటే నునుపు చచ్చి తెల్ల మచ్చ పడుతుంది. అందుకే పాత వంటింటి నేల చూస్తే పొయ్యి ఎక్కడుండేదో, రోలు ఎక్కడుండేదో తెలిసిపోతుంది.

ఇదే రాయి సీమ మిద్దెల్లో నెత్తి మీదికీ ఎక్కింది. దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద బండలు, ఆపైన మందంగా చౌడుమట్టి. తడిస్తే చౌడు మెత్తబడి తన సందులు తానే మూసుకుంటుంది, నీటిని కిందికి వదలదు. నడిమింట్లో కప్పుకు వదిలిన గవాచిలోంచి వెలుగు కింది బండ మీద పడి, అక్కడినుంచి పైకి లేచి, దూలాల అడుగున కొయ్యగీతలు కనపడేలా పరుచుకుంటుంది. పాత కట్టడాల్లో కిటుకంతా ఇక్కడే ఉంది. కప్పుకు సొంత వెలుగు లేదు. నేల ఇచ్చిన వెలుగుతోనే అది కనిపిస్తుంది.

ఈ కిటుకు పెద్ద ఎత్తున చూడాలంటే లేపాక్షి వెళ్లాలి. అక్కడి వీరభద్రాలయాన్ని విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. అది గ్రానైటు సీమ. నాపరాయిలా పొర విప్పుకుని వచ్చే రాయి కాదు. వరసగా గుంతలు తొలిచి, మేకులు దించి చీల్చాలి. రాయి ఎంత బరువైనా మోస్తుంది కానీ వంగమంటే విరుగుతుంది. అందుకే దూలానికీ దూలానికీ మధ్య ఎక్కువ దూరం పెట్టలేదు, స్తంభాల అడవి లేచింది. చుట్టూ గోడల్లేని మండపంలో కింది బండల మీద పడిన వెలుగే కప్పుకు లేస్తుంది, చిత్రకారుడికి ఖాళీగా మిగిలింది ఆ కప్పు ఒక్కటే. దూలాల మధ్య కప్పు పొడుగాటి పట్టీలుగా విడిపోతే, ఆ పట్టీలనే కథకు వాడుకున్నాడు. మనం నడుస్తుంటే కథ నడుస్తుంది. ద్రౌపదీ స్వయంవరం, గిరిజా కల్యాణం, కిరాతార్జునీయం, వటపత్రశాయి అన్నీ అలా తలెత్తి నడుస్తూ చదవాల్సినవే.

ఒక పట్టీ కింద ఆగి నిదానంగా చూడండి. రాతి మీద సున్నపు పూత. దాని మీద కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, సున్నపు తెలుపు, మసి నలుపు. ముఖ్యమైన రంగులు ఇవే. నీడలు దిద్దలేదు, ఎక్కడి రంగు అక్కడ చదునుగా నింపి, చివర నల్లగీతతో కట్టేశారు. బొమ్మకు ప్రాణం పోసింది ఆ గీతే. పార్వతి చెలికత్తెల వరస చూస్తే ముఖాలు దాదాపు ఒకే అచ్చు, చీరలు మాత్రం ఏ రెండూ ఒకటి కావు. గళ్లు, చారలు, పూలు, అంచులు, ఒక్కోటి ఒక్కో నేత. మగవాళ్ల తలల మీద నిలువెత్తు కుళ్లాయిలు. ఆనాటి కొలువులో ఎవరేం కట్టుకునేవారో తెలుసుకోవాలంటే పుస్తకాలకంటే ఈ కప్పే నయం. కిరాతార్జునీయంలో పంది దూకే పట్టీ చూడండి. వీపు మీద ఒక్క గీత తల నుంచి తోక దాకా చేయి తడబడకుండా సాగింది. పరంజ మీద, మెడ వెనక్కి వాల్చి, రంగు ముఖాన కారుతుండగా గీసిన గీత అది.

గర్భగుడి ముందు గది కప్పు మీద వీరభద్రుడు ఒక్కడే సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున పరుచుకున్నాడు. కింద నిలబడితే మొత్తం ఒక్క చూపుకు అందడు. పక్కన గుడి కట్టించిన అన్నదమ్ముల బొమ్మలు చిన్నవిగా ఉన్నాయి. ఖర్చు పెట్టినవాళ్లు తమ కొలత తాము తెలుసుకుని గీయించుకున్నారన్నమాట. నాట్యమండపం నడిమి కప్పు మీద రంగుకు బదులు ఉలి పనిచేసింది. రాళ్లు అంచెలంచెలుగా లోపలికి జరుగుతూ పైకి పోయి, నడుమ నూరు రేకుల తామరగా ముగుస్తాయి. మోసే లెక్క, అందం లెక్క ఒకే రాతిలో కలిసిపోయాయి.

రోములో మైకేలాంజెలో సిస్టీన్ చాపెల్ కప్పు 1508 నుంచి 1512 దాకా గీశాడు. లేపాక్షి పని ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాల్లోదే. అక్కడ గీసినవాడి పేరు లోకమంతటికీ తెలుసు. ఇక్కడ గీసినవాళ్ల పేరు ఒక్కటీ మిగల్లేదు. నా మటుకు నాకు గీతలో లేపాక్షి పనివాడు ఎవరికీ తీసిపోడు.

గుడి ఆవరణలో నేల మీద బండలో తొలిచిన పళ్లేలు కనిపిస్తాయి. శిల్పులు వాటిలో అన్నం తినేవారని స్థానికులు చెబుతారు, రంగులు కలిపేవారని ఇంకొందరంటారు. ఏది నిజమైనా పనివాడి ఆనవాలుగా మిగిలింది ఆ నేల మీదే.

లేపాక్షి వెళ్లేవాళ్లలో చాలామంది వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, ఫొటో దిగి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే ఎండ ఏటవాలుగా లోపలికి పడే పొద్దున గానీ సాయంత్రం గానీ వెళ్లండి. చిన్న అద్దం ఒకటి తీసుకెళ్లండి, అరచేతిలో పెట్టుకుని చూస్తే మెడ నొప్పి లేకుండా కప్పంతా చదవొచ్చు. రంగును తాకకండి, ఫ్లాష్ కొట్టకండి. ఇక మన ఊళ్లలో పాత మిద్దె పడగొట్టి స్లాబు వేసుకునేవాళ్లకు ఒక్క మాట. కాలికింది నాపబండలను మట్టిలో కలిపేయకండి. పైభాగం అరిగినా అడుగుభాగం గట్టిగానే ఉంటుంది, తిప్పి పరిస్తే ఇంకో తరానికి సరిపోతాయి.