త్రీ గేబుల్స్: హోమ్స్ చూపు మందగించిన కథ

అపరాధ పరిశోధక సాహిత్యాన్ని మన అభ్యుదయ విమర్శకులు సాధారణంగా పట్టించుకోరు. అది కాలక్షేపం సరుకనీ, దాన్ని గురించి రాయడం కాగితం దండగనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. కాని జనం చదివింది దాన్నే. మా కాకినాడలో రోజుకింతని పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణాల్లో అట్టలూడి, దారంతో కుట్టుకుని చేతులు మారినవి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలే గాని, మనం సభల్లో మెచ్చుకున్న కథాసంపుటాలు కావు. ఆయన సృష్టించిన యుగంధర్, రాజుల జంటకు పూర్వీకులు లండన్ బేకర్ వీధిలోని షెర్లాక్ హోమ్స్, డాక్టర్ వాట్సన్. ఆ మూలపురుషుడి చివరి దశను పరిశీలిస్తే మన దగ్గరకు ఏ గుణాలు దిగుమతి అయ్యాయో కూడా కొంత తెలుస్తుంది.

ఆర్థర్ కోనన్ డాయిల్ హోమ్స్ మీద 4 నవలలు, 56 కథలు రాశాడు. చివరి 12 కథలు 1927లో ‘కేస్‌బుక్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్’ పేరుతో సంపుటిగా వచ్చాయి. ఈ సంపుటి బలహీనమైనదని హోమ్స్ అభిమానులే ఒప్పుకుంటారు. ఒక కథ రంగస్థల నాటకానికి అతుకుబొంత, మరొకటి 1891 నాటి ‘రెడ్ హెడెడ్ లీగ్’కు పునరుక్తి, ఇంకొకదానిలో ప్రొఫెసరుగారు కొండముచ్చు రసం ఎక్కించుకుని గోడలెక్కుతాడు! వయసు మళ్లిన రచయిత, విసుగెత్తిన పాత్ర, పట్టువదలని ప్రచురణకర్తలు అని అభిమానులు సర్దిచెప్పుకుంటారు. నాకు ఆ సమాధానం చాలదు. 1926లో వచ్చిన ‘త్రీ గేబుల్స్’ కథను చదివితే తగ్గింది రచయిత ఓపిక మాత్రమే కాదని తెలుస్తుంది.

కథ ఇది. మిసెస్ మేబర్లీ అనే వితంతువు ఇంటిని ఎవరో ఎక్కువ ధరకు కొంటామంటారు. షరతేమిటంటే, ఇంట్లో ఉన్న వస్తువులన్నీ ఉన్నవి ఉన్నట్టు వదిలి పోవాలి. ఆమె కొడుకు డగ్లస్ రోమ్‌లో న్యుమోనియాతో చనిపోయాడు. అతని పెట్టెలు ఇటీవలే ఇల్లు చేరాయి. ఒక పెట్టెలో నవల రాతప్రతి ఉంది. ఇసడోరా క్లైన్ అనే ధనవంతురాలు తనను ప్రేమించిన ఆ కుర్రవాణ్ణి కిరాయి మనుషుల చేత కొట్టించింది. అతడు ఆ సంగతినే నవలగా రాశాడు. ఆమె ఇప్పుడొక డ్యూక్‌ను పెళ్లాడబోతోంది. అందుకని దొంగలను పంపి, తల్లికి మత్తుమందు పెట్టించి, రాతప్రతి తెప్పించి తగలబెట్టింది. 245వ పుట ఒక్కటి తల్లి చేతిలో చిక్కి మిగిలింది.

ఇంతకన్న బలమైన కథావస్తువు హోమ్స్ సాహిత్యంలో ఎక్కువ లేదంటాను. డబ్బున్నవాళ్లు ఒక రచయితను కొట్టించి, చచ్చాక అతని పుస్తకాన్ని కాల్పించారు. మరి హోమ్స్ ఏం చేశాడు? ఆవిడ దగ్గర 5000 పౌన్ల చెక్కు రాయించుకున్నాడు. తల్లికి మొదటి తరగతిలో ప్రపంచయాత్ర చేయాలన్న కోరిక ఉందట, అది ఆ డబ్బుతో తీరుతుంది. నేరం రాజీ అయిపోయింది. పాతకథల్లోనూ హోమ్స్ నేరస్థులను వదిలిపెట్టిన సందర్భాలున్నాయి. అయితే అక్కడ వదిలింది జాలితో. ఇక్కడ బేరంతో.

ఈ కథ మొదటి పుటల్లోనే స్టీవ్ డిక్సీ అనే నల్లజాతి ముష్టియుద్ధవీరుడు బేకర్ వీధి గదిలోకి దూసుకువచ్చి హోమ్స్‌ను బెదిరిస్తాడు. హోమ్స్ అతని పెదవులను వెక్కిరిస్తాడు. నీ వాసన నాకు పడదు, కూర్చోమనను అన్న ధోరణిలో మాట్లాడతాడు. మళ్లీ ఎదురుపడితే జేబులో అత్తరు సీసా వెతుక్కుంటాడు. ఇది హాస్యమట! బెదిరించడానికి వచ్చినవాణ్ణి ఎదిరించడం వేరు, వాడి చర్మాన్ని ఎద్దేవా చేయడం వేరు.

ఇక్కడ ‘రెడ్ హెడెడ్ లీగ్’ను గుర్తు చేసుకోవాలి. అందులో జాబెజ్ విల్సన్ అనే తాకట్టు వ్యాపారి గదిలోకి వస్తాడు. ఎడమ చెయ్యి కంటె కుడిచెయ్యి పెద్దదిగా ఉండడం చూసి, నువ్వు ఒకప్పుడు కాయకష్టం చేసినవాడివి అంటాడు హోమ్స్. విల్సన్ మొదట ఓడ వడ్రంగి. కోరంగి, తాళ్లరేవు వడ్రంగుల చేతులు చూసినవాళ్లకు ఆ వాక్యం విలువ తెలుస్తుంది. శ్రమ మనిషి శరీరం మీద రాసిన రాతను చదవగలగడమే హోమ్స్ ప్రతిభ. పాఠకులు ఆ పాత్రను ప్రేమించింది అందుకే. మరి డిక్సీ పిడికిళ్లు? ముష్టియుద్ధంతో బతికిన మనిషి చేతులవి. వాటిలో చదవడానికి ఏమీ లేదా? హోమ్స్ చదవలేదు. ఏవగింపు కలిగాక ఇక చూడవలసిన పని ఉండదు. తర్వాత కథంతా అలాగే నడిచింది. డిక్సీ భయపడి పంపినవాడి పేరు చెప్పేస్తాడు. దాని వెనకున్న ఆవిడ సంగతి లాంగ్‌డేల్ పైక్ అనే పుకార్ల పోగువాడి నుంచి తెలుస్తుంది. పరిశోధన పేరుకే మిగిలింది. దృక్పథం వేరు, శిల్పం వేరు అనేవాళ్లు ఈ ఒక్క కథ చదివి చూడాలి.

కాలమే అలాంటిది, రచయితను తప్పుపట్టరాదు అంటారు కొందరు మిత్రులు. డాయిల్ విషయంలో ఈ వాదం నిలవదు. 1893లో రాసిన ‘ఎల్లో ఫేస్’లో ఒక తెల్లజాతి గృహస్థు తన భార్యకు మొదటి భర్త వల్ల కలిగిన నల్లపిల్లను ఎత్తుకుని ముద్దాడి ఇంటికి తీసుకుపోతాడు. బొంబాయి పార్శీ వంశంలో పుట్టిన మతాచార్యుడి కొడుకు జార్జి ఎడల్జీకి 1903లో అన్యాయంగా శిక్ష పడితే, 1907లో అతని పక్షాన పోరాడినవాడు డాయిల్. 1909లో ‘క్రైమ్ ఆఫ్ ది కాంగో’ రాసి ఆఫ్రికన్ల మీద జరిగిన ఘోరాలను బయటపెట్టినవాడూ ఆయనే. బోయర్ యుద్ధాన్ని సమర్థిస్తూ పుస్తకం రాసినవాడూ ఆయనేనని మరిచిపోకూడదు. 1890 నాటి ‘సైన్ ఆఫ్ ఫోర్’లో అండమాన్ ఆదివాసిని దాదాపు మృగంగా చిత్రించాడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిని తెల్లదొరలు పంపిన దీవులవే. కాబట్టి మొదట్లో అంతా వెలుగు, చివర అంతా చీకటి అని నేననను. రెండు గొంతులూ ఆయనలో మొదటినుంచీ ఉన్నాయి. ‘త్రీ గేబుల్స్’లో ఒకటే మిగిలింది.

కథలో డాయిల్ గమనించని వైరుధ్యం ఇంకొకటుంది. ఇసడోరా క్లైన్ పూర్వీకులు బ్రెజిల్‌లోని పెర్నంబుకోను ఏలినవాళ్లు. ఆమె చనిపోయిన భర్త పంచదార కుబేరుడు. పెర్నంబుకో చెరకుతోటల్లో శతాబ్దాల తరబడి పనిచేసింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. ఆ దేశంలో బానిసత్వం 1888లో గాని రద్దు కాలేదు. అత్తరు సీసా డిక్సీ ముందు బయటికొచ్చింది. గ్రోవెనర్ స్క్వేర్ మేడలో మాత్రం రాలేదు. చెరకు నరికే కూలీలను ఎరిగిన గోదావరి జిల్లాల పాఠకుడికి పంచదార డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో వివరించనక్కర్లేదు.

మన డిటెక్టివ్ నవలలకు ఈ అలవాటు అంటలేదా? గళ్ల లుంగీ, నల్లటి ఒళ్లు, బుగ్గమీద గాటు కనిపిస్తే రౌడీ అని అట్టమీది బొమ్మే చెప్పేస్తుంది. అనుమానం మొదట వంటమనిషి మీదకీ, డ్రైవరు మీదకీ పోతుంది. అందుచేత ‘త్రీ గేబుల్స్’ను తెలుగు చేసేవారు డిక్సీ మీది మాటలను మెత్తబరచకూడదని నా అభిప్రాయం. ఉన్నది ఉన్నట్టు అనువదించి, ముందుమాటలో ‘ఎల్లో ఫేస్’ సంగతి కూడా చెప్పాలి. పాఠకుడే తూచుకుంటాడు.

డాయిల్ కొడుకు కింగ్‌స్లీ 1918లో పోయింది కూడా న్యుమోనియాతోనే. బిడ్డ పోయిన ఇల్లు ఎలా ఉంటుందో తెలియని రచయిత కాదాయన. అయినా చెక్కు రాయించిన తర్వాత మిసెస్ మేబర్లీ కథలో మళ్లీ కనబడదు. కొడుకు పుస్తకం బూడిదైందని ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో కూడా మనకు తెలియదు.