గోత్రానికి అందని అక్షరం

అహోబిలంలో అర్చన చేయించుకునేటప్పుడు అర్చకస్వామి గోత్రం, పేరు అడుగుతారు. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు కూడా ఒక్కోసారి అలాంటి ప్రశ్నే వేస్తారు: "మీరు ఆర్యవైశ్యులా అండీ?" నంద్యాల, ఆళ్లగడ్డ బజార్లలో తరతరాలుగా వ్యాపారం చేస్తున్న కుటుంబాలు దానికి నొచ్చుకోనక్కర్లేదు. ఆ ప్రశ్న వెనుక ఎంతో ఓపికగల పనితనం ఉంది.

గొంతులోకి గొట్టం వేయాలంటే కండరాలు కాసేపు వదులు కావాలి. అందుకు వాడే మందుల్లో సక్సినైల్‌కోలిన్ ఒకటి. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని ముక్కలు చేసేస్తుంది. కొద్ది నిమిషాల్లోనే రోగి తనంతట తాను ఊపిరి తీసుకుంటాడు. ఆ ఎంజైము లేనివాళ్లకు అదే మోతాదు గంటల తరబడి దిగదు, అంతసేపూ వెంటిలేటరే ఆధారం. విచిత్రమేమిటంటే, మామూలు రోజుల్లో వాళ్లకు ఏ లోటూ తెలియదు.

వైశ్యుల్లో ఈ లోపానికి మూలమైన మార్పును భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్. భూపతి, సహచరులు 2006లో వివరించారు. మూడో క్రోమోజోము మీది ఆ ఎంజైము జన్యువులో ఒకచోట 'టి' అనే డీఎన్ఏ అక్షరం ఉండాల్సిన స్థానంలో 'సి' ఉంది. దాంతో ఎంజైము గొలుసులో 307వ పూస (అమైనో ఆమ్లం) ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ అవుతుంది. ప్రోలిన్ కొస వెనక్కి తిరిగి గొలుసుకే ముడిపడి ఉంటుంది, అందుకే అక్కడ గొలుసు కావలసినట్టు వంగదు. ముడత సరిగా పడని ఎంజైము నిలవదు.

ఇక గోత్రాల సంగతి. వైశ్యులకు 102 గోత్రాలు. సగోత్రంలో పెళ్లి చేసుకోరు, కులం దాటీ చేసుకోరు. గోత్రం తండ్రి వైపు నుంచే వస్తుంది, ఈ అక్షరం తల్లి నుంచైనా రావచ్చు. అందుకే గోత్రాలు వేరైనా రెండువైపులా అదే అక్షరం ఉండొచ్చు. బిడ్డకు ఇద్దరి నుంచీ వస్తేనే లోపం. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలించి 2017లో వెలువరించిన పత్రం, ఈ లోపం వైశ్యుల్లో ఇతరులకంటే దాదాపు 100 రెట్లు ఎక్కువని చెప్పింది.

ఈ అక్షరాన్ని పట్టే పరీక్ష అందం దాని పొదుపులోనే ఉంది. కాస్త రక్తం లోంచి డీఎన్ఏ తీస్తారు. మార్పున్న చోటికి అటూ ఇటూ అతుక్కునేలా ఇరవై అక్షరాల చిన్న తునకలు రెండు తయారుచేస్తారు. పీసీఆర్ యంత్రం వేడి చేసి, చల్లార్చి, ఆ భాగాన్ని ప్రతి చుట్టుకూ రెట్టింపు చేస్తుంది. లెక్క ప్రకారం ముప్పై చుట్లకు ఒక్క ప్రతి 107 కోట్లు దాటుతుంది. తర్వాత ఆ భాగాన్ని యంత్రంతో చదివిస్తే అక్షరాలు రంగు శిఖరాలుగా గ్రాఫ్ మీద కనబడతాయి: టి ఎరుపు, సి నీలం. ఆ చోట ఎరుపొక్కటే ఉంటే మార్పు లేదు. ఎరుపూ నీలమూ ఒకదానిమీద ఒకటి ఉంటే ఒక ప్రతిలోనే ఉంది. నీలమొక్కటే ఉంటే రెండింటిలోనూ ఉంది.

ఒక జన్యువు, ఒక అక్షరం, ఒక మందు: ఇంత చిన్న ప్రశ్నకు చిన్న నిధి చాలు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2019లో 'ఉమ్మీద్' పథకం కింద ప్రభుత్వాసుపత్రుల్లో జన్యువ్యాధుల నిదాన్ కేంద్రాలకు శ్రీకారం చుట్టింది. పదివేల జన్యుపటాలను చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టుకూ డబ్బిచ్చింది. నా మనసు మాత్రం చివరి మెట్టు మీదే ఉంది. రక్తం ఎవరు తీయాలి? ఫలితం ఇంటివాళ్లకు నొప్పించకుండా ఎలా చెప్పాలి? మత్తు డాక్టరు కంటపడేలా ఎక్కడ రాయాలి? ఇవి తేల్చే చిన్న పరిశోధనలకు డబ్బు కావాలి. కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర సిరాతో 'సక్సినైల్‌కోలిన్, మివాక్యూరియం (ఇదే ఎంజైము ముక్కలు చేసే మరో మందు) వద్దు' అని ఉంటే, నంద్యాలలో అర్ధరాత్రి వచ్చిన కేసుకు కూడా డాక్టరు ఈ ఎంజైముతో పనిలేని రోక్యురోనియం అందుకుంటారు.