అలక కూడా ఒక విద్యే

చాంద్రాయణగుట్ట నుంచి ఫలక్‌నుమా, అలియాబాద్ మీదుగా చార్మినార్‌కు వస్తుంటే దారిలో శాలిబండ తగులుతుంది. అక్కడి హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేరుతో మహంకాళి గుడి ఉంది. బోనాలకు పాతబస్తీ జనమంతా అక్కడే ఉంటారు. ఆ అన్నదమ్ములు కొలువు చేసిన గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా, భాగవతుల ఆట చూసి మురిసిపోయి కూచిపూడిని వాళ్లకు అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. ఆ భాగవతుల సత్యభామకూ హైదరాబాదుకూ చుట్టరికం అంత పాతది. సినిమా సత్యభామగా తెలుగువాళ్ల మనసులో నిలిచిపోయిన జమున 2023 జనవరి 27న కన్నుమూసింది కూడా హైదరాబాదులోనే.

ఆమె పోయినప్పుడు చాలామంది ఒక మాట అన్నారు. ఆవిడ స్వతహాగా అభిమానవతి, అందుకే ఆ పాత్ర అలా అతికిపోయిందని. అందుకు సాక్ష్యంగా పాత గొడవను గుర్తుచేశారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ కొంతకాలం ఆమెతో నటించకపోవడం, ఆమె తగ్గకపోవడం, చివరికి ‘గుండమ్మ కథ’ (1962)లో ముగ్గురూ కలవడం. అదంతా నిజమే. కానీ పౌరుషం ఉన్నవాళ్లందరూ సత్యభామలు కాలేరు. ఆ అలక వెనక మూడు వందల ఏళ్ల కసరత్తు ఉంది.

సిద్ధేంద్రయోగి పేరు మీద నడిచే భామాకలాపంలో సత్యభామ ప్రవేశం చూడండి. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. దాని వెనక నుంచి ముందుగా వచ్చేది ముఖం కాదు, జడ. నాగరం, జడకుప్పెలతో బరువుగా ఉన్న ఆ జడ తెర మీద నుంచి ఇవతలికి వాలుతుంది. నన్ను ఆటలో ఓడించగలిగితే ఈ జడ కోసి ఇస్తానని పందెం అది. ఆ తర్వాతే ప్రవేశ దరువు, ఆమె దర్శనం. పాత్ర ఒక్క మాటైనా పలకకముందే దాని గర్వం సభ మధ్యకు వచ్చేసింది. ఇక కథంతా ఆ గర్వాన్ని ఒక్కో పొరగా విప్పడమే. మీ ఆయన పేరు చెప్పమని చెలికత్తె మాధవి నిలదీస్తే, ఇంత గీర ఉన్న మనిషీ సిగ్గుతో మెలికలు తిరిగిపోతుంది. కృష్ణుడికి ఉత్తరం రాస్తుంది, దాన్ని చేరవేయడానికి మాధవి ముక్కుపుడక అడిగితే బేరమాడుతుంది. నటుడు ఆడాలి, పాడాలి, మాట్లాడాలి, మూడూ ఒక్కడే. వేదాంతం సత్యనారాయణ శర్మ స్త్రీ వేషంలో ఇదంతా చేస్తుంటే మగవాడన్న సంగతి గుర్తుండేది కాదని చూసినవాళ్లు చెప్పుకునేవారు.

నాటకరంగంలో ఆ పని స్థానం నరసింహారావు చేశారు. ‘శ్రీకృష్ణ తులాభారం’లో ఆయన సత్యభామ నడక, చీరకట్టు చూసి ఆడవాళ్లే నేర్చుకునేవారట. కూచిపూడి ఇచ్చిన సత్యకు ఆయన ఓరచూపునూ, పాట మధ్యలో ఆగి ఊరించే ఒడుపునూ జత చేశారు.

జమునకు అందిన ఆస్తి ఇది. 1936లో హంపీలో పుట్టి గుంటూరు జిల్లా దుగ్గిరాలలో పెరిగింది. పాటా హార్మోనియం తల్లి దగ్గరే. ప్రజానాట్యమండలి గరికపాటి రాజారావు తీసిన ‘పుట్టిల్లు’ (1953) మొదటి సినిమా. ‘వినాయక చవితి’ (1957)లో సత్యభామ, తొమ్మిదేళ్లకు కమలాకర కామేశ్వరరావు ‘శ్రీకృష్ణ తులాభారం’లో మళ్లీ సత్యభామ. స్థానం వారి వల్ల ఊరూరా మోగిన రంగస్థలం పాటే సుశీల గొంతుతో ఆమె పెదవుల మీదికి వచ్చింది.

సినిమాలో తెర పట్టేవాళ్లు లేరు. ఆరుబయట చివరి వరుస దాకా అందాల్సిన అభినయం కెమెరా ముందు ఎబ్బెట్టుగా ఉంటుంది. జమున దాన్ని వదిలేయలేదు, కుదించింది. జడ చేసే పనిని మెడకు అప్పగించింది. ముందు మెడ తిరుగుతుంది, తర్వాత కళ్లు, మాట ఆఖరున. కోపంతో ముఖం అటు తిప్పుకున్నాక చూపు మాత్రం ఓరగా కృష్ణుడి దగ్గరే ఉంటుంది, బతిమాలతాడా లేదా అని. అలకకూ ఆగ్రహానికీ తేడా అక్కడే ఉంది. ఆగ్రహం ఎదుటివాడిని పొమ్మంటుంది, అలక రమ్మంటుంది. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్య కాలితో తన్నితే, నా ఒంటి పులకలు నీ మెత్తని పాదానికి గుచ్చుకున్నాయేమోనని కృష్ణుడు నొచ్చుకుంటాడు. తన్నిన మనిషి మీద మనకు కోపం రాకూడదు, అదీ ఆ ఘట్టంలో నటికి పరీక్ష. కృష్ణుడి వేషంలోని ఎన్టీఆర్‌ను దేవుడిగా కొలిచే ప్రేక్షకుల ముందు జమున ఆ పాదం ఎత్తింది. జనం ఆమెను తిట్టుకోకపోగా సత్యభామ పేరే ఇచ్చేశారు.

స్వభావమే నటించిందనేవాళ్లు ‘మూగమనసులు’ (1964) చూడాలి. గోపిని ప్రేమించిన పల్లెపిల్ల గౌరి. రాణివాసపు ఠీవి మచ్చుకైనా లేదు. మెడ నిలవదు, కాళ్లు నేల మీద ఆగవు, మాట ముందొచ్చి చూపు తర్వాత వస్తుంది. సత్యభామ వరస మొత్తం తలకిందులు! ఆదుర్తి సుబ్బారావు అదే కథను హిందీలో ‘మిలన్’ (1967)గా తీస్తే గౌరి పాత్రకు మళ్లీ జమున్నే తీసుకున్నారు, ఆమెకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయనటి అవార్డు వచ్చింది. ‘తులాభారం’ అంతకు ముందటి ఏడాదిదే.