పడుకున్న రాయిని లేపకండి

హైదరాబాదులో కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు నడిమధ్య కాస్త జాగా వదిలి, జపాన్ తోట కావాలంటున్నారు. వెంటనే దిగేవి తెల్ల గులకరాళ్ల సంచులు, ప్లాస్టిక్ నాచు, ఓ బుద్ధుడి బొమ్మ. ఫొటోకు బాగుంటాయి. మే నెల మధ్యాహ్నం ఆ తెలుపును చూస్తూ కూర్చోండి, తెలుస్తుంది.

క్యోటోలో పాత వ్యాపారుల ఇళ్ల మధ్య గదంత కూడా ఉండని త్సుబోనివా తోటలున్నాయి. ఇంట్లోకి గాలి, వెలుతురు వచ్చేది వాటిలోంచే. మన మండువా చేసే పనీ అదే. అక్కడి తోటల్లో పూర్వం పరిచిన తెల్ల కంకర ఊరి పక్కనున్న షిరకావా గ్రానైటుది. దగ్గర్లో దొరికిందే వాడుకున్నారు. మనకు దగ్గర్లో దొరికేది తాండూరు బండ. దాన్ని వంటింటికి, వరండాకు పరిచి, తోటకు మాత్రం ఎక్కడి రాయో కొనడం నాకు మింగుడుపడదు.

తాండూరు బండ నీలిదైనా పసుపుదైనా సున్నపురాయే. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్నది. గనిలో ఆ పొర చూసి విడదీస్తారు కాబట్టే పలకలుగా వస్తుంది. 11వ శతాబ్దపు జపాన్ తోటల గ్రంథం ‘సకుతెయికి’లో ఒక నిషేధం ఉంది: సహజంగా పడుకుని ఉన్న రాయిని తోటలో నిలబెట్టకూడదు. వాళ్లు అరిష్టమన్నారు. తాండూరు బండ విషయంలో అరిష్టం దాకా పోనక్కర్లేదు. నిలబెడితే పొరల అంచులు పైకి తేలతాయి, వాననీళ్లు దిగుతాయి, కొన్నేళ్లకు పెచ్చులు లేస్తాయి.

అందుకని పడుకోబెట్టే పరచండి. పాలిష్ వద్దు, తడిస్తే జారుతుంది. గనుల దగ్గర గుట్టలుగా పడి ఉండే, అంచులు చెదిరిన ముక్కలు ఇంటి గచ్చుకు పనికిరావు గానీ తోటకు అవే నయం. సిమెంటుతో అతికించకుండా ఇసుక మీద పేర్చి, సందుల్లో మట్టి నింపితే నీళ్లు ఇంకుతాయి. ఒక్క రాయైనా నిటారుగా ఉండాలనిపిస్తే వికారాబాదు వైపు దొరికే ఎర్రటి లేటరైటు తెచ్చుకోండి. దానికి పొరల బెడద లేదు. ఒళ్లంతా చిల్లులే కాబట్టి తడిని పట్టి ఉంచుతుంది, నీడపట్టున ఉంటే వానాకాలంలో నాచు దానంతటదే పడుతుంది. ఎండాకాలం ఎండిపోతుంది, పోనివ్వండి. పక్కన ఒక వెదురు కుదురు చాలు.

శుభ్రం చేసేటప్పుడు మాత్రం బాత్‌రూమ్ యాసిడ్ పోయకండి. సున్నపురాయి నురగ కక్కుతుంది, పోయిన రంగు మళ్లీ రాదు.