మొదటి మాట ఎవరిది?

‘నాకు నచ్చింది’, ‘నాకు నచ్చలేదు’ అనే మాటలకు విమర్శలో చోటు లేదని నేను చాలాకాలం నమ్మాను. నమ్మటమే కాదు, సభల్లో వాదించాను, వ్యాసాలు రాశాను. అది ఆత్మాశ్రయ విమర్శ అనీ, పాత ‘సహృదయుడి’కి కొత్త చొక్కా తొడగటమనీ అన్నాను. అభ్యుదయ విమర్శకుడు రచనను దాని వస్తువు నుంచి, దృక్పథం నుంచి, చారిత్రక నేపథ్యం నుంచి పరిశీలించాలే తప్ప తన కన్నీళ్లను కొలిచి చూపించరాదన్నాను. ఈ వాదనలో నాకు నేటికీ తప్పు కనిపించదు. దాన్ని ఎక్కడ, ఎవరి మీద ప్రయోగించాను అన్నదే అసలు తప్పు.

ఆ సంగతి చెప్పుకోవలసిన అవసరం ఈ మధ్య వచ్చింది. కొందరు యువమిత్రులు తమ ఊళ్లో నెలకొక నవల చదివి, ఎవరి స్పందన వారు చెప్పుకునే బృందం ఒకటి పెట్టుకున్నారు. వారిలో ఒకరు నన్ను కలిసినప్పుడు, “మేం చేస్తున్నది విమర్శేనా మాస్టారూ, లేక కాలక్షేపమా?” అని అడిగారు. అప్పటికి ఏదో సర్దిచెప్పి పంపించాను. సర్దిచెప్పటం జవాబు కాదు కనుక ఇది రాస్తున్నాను.

మా పట్టణంలోనూ అటువంటి బృందం వుంది. గ్రంథాలయం వెనక గదిలో నెలకో ఆదివారం కూచుంటాం. పదిమందో పన్నెండు మందో. ముగ్గురు టీచర్లు, ఒక నర్సు, ఒకప్పటి కంపోజిటరు (ఇప్పుడు డి.టి.పి. చేస్తాడు), ఇద్దరు ఎం.ఏ. విద్యార్థులు, వ్యవసాయం మానేసి పట్నంలో స్థిరపడిన ఒక పెద్దాయన, ఒక గుమాస్తా, కాలేజీలో పాఠం చెప్పి రిటైరయిన నేను. కొత్తలో మొదటి మాటా నాదే, చివరి మాటా నాదే. మధ్యలో మిగతావారు తలలూపేవారు. అది చర్చ అనుకున్నాను!

ఏడేళ్ల కిందట రావిశాస్త్రి ‘అల్పజీవి’ పెట్టుకున్నాం. చైతన్య స్రవంతి శిల్పం గురించి, జేమ్స్ జాయిస్ ప్రభావం గురించి, మధ్యతరగతి ఉద్యోగి మనస్తత్వం గురించి ముప్పావుగంట మాట్లాడాను. ఆ తర్వాత గుమాస్తా మిత్రుడు నోరు విప్పాడు. “నేను సగంలో మూసేశానండీ. ఇంటికెళ్లి కూడా ఆఫీసు ఫైలు విప్పినట్టుంది. రాత్రి నిద్ర పట్టలేదు. మిగతాది చదవబుద్ధి కాలేదు” అన్నాడు. అంతే అన్నాడు. నేను వెంటనే అందుకున్నాను. ఇది నవలపై స్పందన కాదనీ, పాఠకుడు తన వర్గానికి సహజమైన సంకోచాన్ని నవలకు అంటగట్టటమనీ, సుబ్బయ్యను చూసి భయపడటం కాదు, సుబ్బయ్యను తయారుచేసిన వ్యవస్థను అర్థం చేసుకోవాలనీ బోధించాను. ఆయన “అలాగేనండీ” అన్నాడు. తర్వాతి నెల రాలేదు. ఆ తర్వాతి నెలా రాలేదు.

ఏడాది తర్వాత బస్టాండులో కనిపించాడు. టీ తాగుతూ, నేను అడక్కుండానే, “ఆ పుస్తకం తర్వాత పూర్తిచేశాను మాస్టారూ” అన్నాడు. ఏమనిపించిందని అడిగాను. కొంచెంసేపు గ్లాసు తిప్పుతూ వూరుకున్నాడు. “సుబ్బయ్య అందరికీ భయపడతాడు గదండీ. గవరయ్య దగ్గర డబ్బు తెచ్చుకున్నాక మరీ భయపడతాడు. గవరయ్యకు మాత్రం ఏ భయమూ లేదు. ఇచ్చినవాడు హాయిగా నిద్రపోతాడు, తీసుకున్నవాడు మేలుకుంటాడు. మా ఆఫీసులో ఇరవై ఏళ్లుగా చూస్తున్నది ఇదే. పుస్తకంలో చూడటం మాత్రం అదే మొదలు” అన్నాడు.

నా ముప్పావుగంట ఉపన్యాసంలో ఈ మాట లేదు. ‘మధ్యతరగతి ఉద్యోగి’ వున్నాడు, ‘వ్యవస్థ’ వుంది, ‘పరాయీకరణ’ కూడా వుంది. కాని డబ్బిచ్చే కాంట్రాక్టరుకూ, దాన్ని అప్పనుకుంటూ లంచమేమోనని వణికే గుమాస్తాకూ మధ్య భయం ఎలా పంపకం అవుతుందో నేను చూడలేదు. వర్గ సంబంధం అంటే అదే కదా. ‘చదవబుద్ధి కాలేదు’ అన్న మాటలో ఆ పరిశీలన అప్పటికే ముడి విప్పని మూటలా వుంది. ఎందుకు చదవబుద్ధి కాలేదు, ఏ పేజీ దగ్గర మూశారు అని ఆ రోజు నేను ఒక్క ప్రశ్న వేసివుంటే మూట విప్పేవాడు. నేను దాన్ని మూటతో సహా బయటకు విసిరేశాను. మరొకరి అనుభవాన్ని సిద్ధాంతంతో కొట్టటం సిద్ధాంతానికి గౌరవం కాదని అప్పుడు తెలిసింది. కాస్త ఆలస్యంగానే.

అప్పటి నుంచీ మా బృందంలో పద్ధతి మార్చాం. మొదటి విడతలో ఎవరూ ఎవరికీ అడ్డు రాకూడదు. రచయిత జీవితం, బిరుదులు, వాదాలు ఏవీ ఆ విడతలో తేకూడదు. చదువుతున్నప్పుడు ఎక్కడ ఆగారో, ఎక్కడ కోపమొచ్చిందో, ఎక్కడ విసుగనిపించిందో పుట చూపించి చెప్పాలి. పుట చూపించాలన్న షరతు చిన్నదిగా కనిపిస్తుంది గాని అదే ప్రాణం. ‘బాగుంది’ అన్నవాడు పుట తిప్పి చూపించబోయేసరికి తన మాట తనకే అనుమానం కలిగిన సందర్భాలు చాలా చూశాను. ఆ తర్వాతే ‘ఎందుకు?’ అనే ప్రశ్న. నేను చివర మాట్లాడతాను. ఒక్కోసారి మాట్లాడటానికి ఏమీ మిగలదు.

‘మాలపల్లి’ చదివిన నెల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన నవల, 1922లో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఒకసారి కాదు, రెండుసార్లు. తెలుగు నవలలో ఒక మాల కుటుంబం కేంద్రస్థానంలో నిలబడటం ఎంత పెద్ద మార్పో మనం పాఠాలుగా చెప్పుకుంటూనే వున్నాం. మా బృందంలో వ్యవసాయం మానేసిన పెద్దాయన, సంగదాసు హత్య తర్వాత రామదాసు నిబ్బరాన్ని చదువుతూ కళ్లు తుడుచుకున్నానన్నాడు. “ఎంతటి మహానుభావుడండీ! మా ఊళ్లో అలాంటి ముసలాయన వుండేవాడు, చేతులు కట్టుకుని నిలబడేవాడు, ఒక్కనాడు పల్లెత్తుమాట అనలేదు” అన్నాడు.

టీచర్లలో చిన్నవాడు, మాలపల్లెలో పుట్టి పెరిగినవాడు, అదే పుట తెరిచి పెట్టుకుని వున్నాడు. “నాకు ఇక్కడే ఒళ్లు మండిందండీ. కొడుకును చౌదరయ్య చంపితే ఈయన వేదాంతం చెప్పుకుంటాడా? మా తాత ఇంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు. మీ ముందు మాట్లాడివుంటాడేమో గాని ఇంట్లో మాట్లాడలేదు” అన్నాడు.

గదిలో ఎవరూ కదల్లేదు. పాత పద్ధతిలో అయితే నేను లేచి గాంధేయ ప్రభావం, కాల పరిమితులు అని రెండు మాటలు చెప్పి ఇద్దరినీ కూచోబెట్టేవాణ్ణి. ఆ రోజు నోరు కట్టుకున్నాను. ఎవరో విద్యార్థి వెంకటదాసును గుర్తుచేసింది: రామదాసు మరో కొడుకు తక్కెళ్ల జగ్గడై ధనవంతులను దోచాడు గదా, మీ కోపం నవలలోనే వుంది గదా అని. దానికి టీచరు మిత్రుడు, “వుంది. నవల జగ్గణ్ణి అర్థం చేసుకుంది. రామదాసును ప్రేమించింది. ఆ తేడా నాకు తెలుస్తుంది” అన్నాడు.

ఈ వాక్యం ‘మాలపల్లి’ మీద నేను చదివిన అనేక వ్యాసాల కన్నా నాకు విలువైనదిగా తోచింది. ఒకే పుట దగ్గర ఒకరికి కన్నీళ్లు, ఒకరికి కోపం. ఆనాటి ప్రభుత్వానికేమో భయం. ఈ మూడూ నవలలో వున్నవే. దొరతనాన్ని భయపెట్టేంత ముందుకు నడిచిన నవల, భూమి వున్నవాడు సుఖంగా ఏడవగలిగినంత వెనక్కి కూడా వుంది. 1922 నాటి సంస్కరణవాదం ఎక్కడిదాకా నడిచి ఎక్కడ ఆగిందో ఈ మూడు స్పందనల మధ్య గీత గీసి చూపించవచ్చు. అది చారిత్రక విమర్శ కాదా? అయితే దానికి దారి చూపించింది ‘చారిత్రక నేపథ్యం’ అనే ఉపశీర్షిక కాదు, ఒళ్లు మండటం. పెద్దాయన ఆ రోజు మరి మాట్లాడలేదు. తర్వాతి నెల వచ్చాడు. వచ్చి, తనకు గుర్తున్న ఆ ముసలాయన పేరు ఎంత గుర్తుచేసుకున్నా రావటం లేదన్నాడు. చేతులు కట్టుకోవటం గుర్తుందిగాని పేరు గుర్తులేదు.

డా. పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ దగ్గర చెంపదెబ్బ నాకు తగిలింది. 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా వచ్చిన ఈ నవల మీద నేను ఎప్పుడో ఒక వ్యాసం రాశాను. ఇందిర వ్యక్తివాదానికి ప్రతినిధి అని, ఆమె స్వేచ్ఛ సామాజిక లక్ష్యం లేని స్వేచ్ఛ అని తేల్చాను. మా బృందంలో మగవారు ఇద్దరు దాదాపు నా మాటే వేరే మాటల్లో అన్నారు: స్వార్థపరురాలు, లెక్క చూసుకునే మనిషి. నర్సుగా పనిచేసే సోదరి అంతా విని, “ఆమె జీతం మీద బతికే తండ్రిని మీలో ఒక్కరూ స్వార్థపరుడు అనలేదేం?” అని అడిగింది. “నేను పద్దెనిమిదో ఏట నుంచి ఇంటికి డబ్బు పంపిస్తున్నాను. ఇందిర లెక్క చూసుకుంటుంటే నాకు ఊపిరి ఆడింది” అంది.

ఇంటికి వచ్చి పాత వ్యాసం తీసి చూశాను. ఆనందరావు పేరు అందులో ఒక్కసారి కూడా లేదు. కూతురి సంపాదన మీద సాగే ఇంటిని వదిలేసి ఆ కూతురి స్వేచ్ఛకు సామాజిక లక్ష్యం లేదని తీర్పు చెప్పాను! ఆర్థిక పునాది గురించి ఊరంతా ఉపన్యాసాలిచ్చేవాడికి, వంటింటి ఖర్చు ఎవరి జీతంలోంచి వస్తున్నదో కనపడలేదు. ఇది సిద్ధాంతం లోపం కాదు. సిద్ధాంతాన్ని మగవాడి కుర్చీలో కూచుని చదవటం.

అయితే స్పందన చెప్పగానే అది సత్యమైపోతుందని నేను అనటం లేదు. ఈ మధ్య కొన్నిచోట్ల ఆ ధోరణి కూడా బలపడుతోంది: ‘నాకు అలా అనిపించింది, అంతే, ఎవరి అభిప్రాయం వారిది’ అని ముగించటం. ఇది వినయంలా కనిపించే మొండితనం. చలం ‘మైదానం’ చదివిన నెల మా బృందంలోనే ఒకరు “నాకు అసహ్యం వేసింది” అని, ఏ పుటలో, దేనికి అని అడిగితే చెప్పటానికి ఇష్టపడలేదు. రాజేశ్వరి ఇల్లు వదలటమా, అమీరు ముస్లిం కావటమా, దేహం గురించి ఆడమనిషి తానే చెప్పటమా? ఈ మూడింటికీ జవాబులు వేరు. మొదటిదైతే కుటుంబం గురించి మాట్లాడుకోవాలి. రెండోదైతే అసహ్యం నవల మీద కాదు, దాన్ని గదిలో అందరి ముందూ విప్పి చూడవలసిందే. చెప్పుకోని స్పందన దురభిప్రాయానికి దాక్కునే చోటు అవుతుంది. పదిమందిలో చెప్పటం ఎందుకంటే, పదిమంది దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు కనుక. ఒంటరిగా చదివినప్పుడు మన ఇష్టాయిష్టాలు మనకు సహజంగానే అనిపిస్తాయి. పక్కవాడికి అదే చోట మరోలా అనిపించిందని తెలిసినప్పుడే వాటి వెనక మన కులం, మన జీతం, మన పెంపకం బయటపడతాయి.

సామూహిక పఠనం మనకు కొత్త కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన నాటి నుంచీ పఠనమందిరం మన ప్రజా జీవితంలో భాగం. నైజాం రాజ్యంలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలను స్వయంగా మోసుకెళ్లి చదివించాడు. ఆయన పుస్తకం ఇచ్చిన మనిషి మర్నాడు ఏమన్నాడో ఎక్కడా రాసిపెట్టలేదు. మన సాహిత్య చరిత్రల్లో రచయితలున్నారు, విమర్శకులున్నారు, నిషేధించిన ప్రభుత్వాలూ వున్నాయి. చదివినవాడు మాత్రం లేడు.

గోర్కీ ‘అమ్మ’ మనలో చదవనివారుండరు. పావెల్ ఇంట్లో జరిగేది చదువరుల సమావేశమే. నటాషా ఆదిమానవుల గురించి చదువుతుంటే అమ్మ సమోవార్ చూసుకుంటూ వింటుంది. ఏదో ప్రమాదకరమైన మాట వస్తుందని బెదురుతూ కాచుకుని వుంటుంది, రాదు. వారి వాదనలు ఆమెకు అందవు. మాట కన్నా ముందు ఆమె మనుషుల గొంతులు వింటుంది. ఎవరు ఎవరిని కసురుతున్నారో, ఎవరు సన్నగా వున్నారో, ఎవరికి చలికి తగిన బట్టలు లేవో చూస్తుంది. తర్వాత ఆంద్రేయ్ అక్షరాలు నేర్పబోతే సిగ్గుపడి, ఎవరూ చూడనప్పుడు కూడబలుక్కుంటుంది. ఆ గదిలో ఎవరైనా లేచి, ‘అమ్మా, నీది సెంటిమెంటు’ అని వుంటే ఆ నవల అక్కడే ఆగిపోయేది. నేను మా గదిలో సరిగ్గా ఆ పనే చేశాను.

యువమిత్రులు అడిగిన ప్రశ్నకు, మీరు చేస్తున్నది విమర్శకు మొదటి సగం అని నా జవాబు. మొదటి సగం లేకుండా రెండో సగం మాత్రమే రాసినవాళ్లం మాలో చాలామందిమి వున్నాం, కనుక సిగ్గుపడవలసింది మీరు కాదు. అయితే అక్కడే ఆగవద్దు. పుట చూపించమనండి. ఎందుకని అడగండి. మీ బృందంలో అందరూ ఒకే వీధివాళ్లూ ఒకే కులంవాళ్లూ అయితే ఎన్ని నవలలు చదివినా మీకు మీ గొంతే వినిపిస్తుంది, ముందు ఆ సంగతి చూడండి.

గుమాస్తా మిత్రుడు పోయిన సంవత్సరం నుంచి మళ్లీ వస్తున్నాడు. పిలవటానికి ఇంటికి వెళ్లాను. ఆఫీసు గురించి మాత్రం అడక్కండి అన్నాడు, సరేనన్నాను. వచ్చే నెల మేం చదువుతున్నది ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’. మొదటి మాట ఆయనది. ఇప్పటికే అరవయ్యో పుట దగ్గర కాగితం ముక్క పెట్టుకున్నానని చెప్పాడు, ఎందుకో చెప్పలేదు.